చిక్కుడు పండగ అయ్యేదాకా

ఆ డిసెంబరులో నా ఉద్యోగం చిక్కుడుకాయ కూర మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి ముందే తెలిసి ఉంటే ఉప్పయినా కాస్త శ్రద్ధగా వేసేదాన్ని.

అరకు లోయకి ఎగువన, కొండల్లో ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల మాది. నూట ఎనభై మంది పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. నేను వంటగదిలో కమాటీని. అంటే బియ్యం కడగడం, కూరలు తరగడం, డేక్షాలు తోమడం, వంటావిడ పిలిచినప్పుడు పలకడం, పిలవనప్పుడు కూడా పలకడం. డిగ్రీ చదివి కమాటీ పనా అని ఊళ్ళో అడిగినవాళ్ళకి, డిగ్రీ ఉంటే ఉల్లిపాయలు తరిగినా కళ్ళనీళ్ళు రావని చెప్పాను. నమ్మినవాళ్ళు నమ్మారు.

నిజానికి అది నా మూడో ఉద్యోగం. మొదటిది టౌన్లో ఫోన్ల దుకాణం. ఈ కవరు వేస్తే ఫోన్ కింద పడ్డా ఏమీ కాదు కదా అని ఒకాయన అడిగితే, కవరుకి ఏమీ కాదని చెప్పాను. రెండోది ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసు. ప్రిన్సిపాల్ గారు సమయం విలువ గురించి మాకు చెబుతూ ఉండగా, గంటా పది నిమిషాలైంది సార్ అన్నాను. అందుకని మూడో ఉద్యోగానికి బయల్దేరిన రోజు ఇంట్లో ఎవరూ ఏడవలేదు. నా మంచం కూడా తియ్యలేదు. నేను తిరిగొస్తానన్న నమ్మకం మావాళ్ళకి అంత గట్టిది.

ఔట్‌సోర్సింగ్ వాళ్ళు మూడు నెలలు చూస్తామన్నారు. ఆ తర్వాత వార్డెన్ మేడమ్ ఒక కాగితం మీద సంతకం పెడితే ఉంటాను, లేకపోతే మంచం సిద్ధంగానే ఉంది. ఆ మూడు నెలలూ ఒక శనివారంతో పూర్తవుతాయి. చిక్కుడు కూర వండింది దాని ముందురోజు శుక్రవారం.

నాకు వెళ్ళాలని లేదు. ఈ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. నేను చెబితే జోకనుకుంటారు.

ఎందుకు వెళ్ళాలని లేదో చెప్పాలంటే వంటావిడ గురించి చెప్పాలి. కొండ మనిషి. ఆ పొయ్యి దగ్గర పద్దెనిమిదేళ్ళుగా ఉంది. పిల్లలంతా పెద్దమ్మ అంటారు, నేనూ అలాగే అనేదాన్ని. గ్యాస్ ఉన్న రోజుల్లో గ్యాస్ మీద, లేని రోజుల్లో కట్టెల మీద వండేది. వంటగదికి పొగ గొట్టం లేదు. కట్టెల రోజున పొగ ఎటు పోవాలో తెలియక మా చుట్టూ తిరిగి, చివరికి పెద్దమ్మ కళ్ళల్లో స్థిరపడేది. ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. కొత్తగా వచ్చిన టీచర్లు ఆవిడకి కోపమెక్కువ అనుకునేవారు.

ఆవిడ పిల్లల మొహాలు చూసేది కాదు, పళ్ళాలు చూసేది. తిన్న పళ్ళెం కడగడానికి వచ్చినప్పుడు అందులో ఏం మిగిలిందో చూసి, "దీనికి ఇంటి మీద బెంగ", "దీనికి పంటి నొప్పి", "ఇది ఎవుల్తోనో దెబ్బలాడింది" అని చెప్పేది. మొదట్లో నేను నవ్వాను. తర్వాత ఎంక్వయిరీ చేశాను. పంటి నొప్పి పిల్ల నోరు తెరిచి చూపించింది. నవ్వడం మానేశాను, ఆ ఒక్క విషయంలో.

మమ్మల్ని బడిలో పేర్లతో పిలిచేవాళ్ళు తక్కువ. "కమాటీ", "వాచ్‌మన్", "వంటావిడా". స్టాఫ్ రూములో కుర్చీలుండేవి, వాటిని తుడిచే పని మాది. దీన్ని ఎవరూ అవమానంగా చెయ్యలేదు, మేమూ అలా తీసుకోలేదు. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు, అంతే. వంటగదిలో మాత్రం ఒక పొట్టి పీట ఉండేది. మొదటి రోజు పెద్దమ్మ దాన్ని కాలితో నా వైపు తోసి, "కూకో. నిలబడితే ఉద్యోగం పొడుగవదు" అంది. నాకంటే వెటకారంగా మాట్లాడే మనిషి దొరకడం నాకు అదే మొదటిసారి.

ఆ వారం మొదట్లో వార్డెన్ మేడమ్ మమ్మల్ని పిలిచింది. "శుక్రవారం ఆఫీసు నుంచి ఒక సార్ వస్తారు. పాఠాలు చెప్పని సిబ్బంది, అంటే మీరు, ఈ బడి గురించి ఏమనుకుంటున్నారో ఫారాల మీద రాయిస్తారట. భోజనం కూడా పిల్లలతోనే చేస్తారు. ఏ పొరపాటూ జరక్కూడదు." అని నా వైపు తిరిగింది. "నీ కాగితం శనివారం. గుర్తుంది కదా?"

"నాకు గుర్తుంది మేడమ్. మీకు గుర్తుంటే చాలు."

ఆవిడ నవ్వలేదు. నేను అనకుండా ఉండాల్సింది.

బయటికి వచ్చాక పెద్దమ్మ అంది, "పద్దెనిమిదేల్ల తర్వాత అడగాలనిపించిందేటి వీలకి?"

"ఆలోచించి అడుగుతున్నారు పెద్దమ్మా."

గురువారం కూరగాయల వ్యాన్ రాలేదు. ఘాట్ రోడ్డులో ఎక్కడో ఆగిపోయిందట. అదృష్టవశాత్తూ ఆ రోజు సంత. వెళ్ళి ఏదో ఒకటి పట్టుకురమ్మని మేడమ్ నన్ను ఆటోలో పంపింది. సంతలో ఒక కొండ ఆవిడ రెండు గంపల నిండా చిక్కుళ్ళు పెట్టుకుని కూర్చుంది. లేతవి, ఆకుపచ్చకి అంచున ఊదా గీత. మా మైదానం నుంచి వ్యాన్ మీద వచ్చేవాటి మొహం చూడబుద్ధి కాదు, ఇవి ఫొటోకి కూర్చున్నట్టున్నాయి.

"రెండు గంపలూ ఇచ్చీ అమ్మా."

ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసింది. "ఎవులికమ్మా ఇన్ని?"

బడి పిల్లలకి అని ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. ఆవిడ అడిగింది అందుకేనని నాకు తర్వాత తెలిసింది. కానీ నేను నేనే కదా.

"నాకే. ఆకలెక్కువ."

ఆవిడ పక్కనున్న ఆవిడ వైపు తిరిగి, "సూడే, సన్నంగా ఉంది గానీ" అంది. ఇద్దరూ నవ్వారు. గంపలు రెండూ ఆటో ఎక్కాయి.

శుక్రవారం పొద్దున్న చలికి నీళ్ళలో చెయ్యి పెడితే చెయ్యి ఉందో లేదో తెలియడం లేదు. ఐదో తరగతి పిల్ల ఒకతి ముందు రోజు అన్నం అంతా పళ్ళెంలోనే వదిలేసింది. పెద్దమ్మ అప్పుడే చెప్పింది, దీనికి జ్వరం వస్తాదని. తెల్లారేసరికి వచ్చింది. ఆ పిల్లని దుప్పట్లో చుట్టి ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్తూ నాకు చెప్పింది, "అన్నం, పప్పు ఎక్కించీ. కూర సంగతి నానొచ్చి సూత్తాను. బేగి వచ్చెత్తాను."

నేను ఆవిడని ఆశ్చర్యపరచాలనుకున్నాను. నా జీవితంలో జరిగిన చెడ్డవన్నీ ఈ ఆలోచనతోనే మొదలయ్యాయి.

రెండు గంపల చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ కూర్చున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు, పక్క ఊరి కొండ మనిషే, కాఫీ తోట కొంచెం ఉంది. నేను మావా అంటాను, అతను గుంటా అంటాడు, అంటే పిల్లా అని. పది గంటలకి కూర మీద మూత పెట్టాక వాసన పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏటి కూర గుంటా?"

"బిర్యానీ."

"ఎప్పుడూ ఎకసెక్కాలే నీకు" అని వెళ్ళిపోయాడు. నన్ను కాపాడటానికి దేవుడు రెండో మనిషిని పంపాడని నేను అప్పుడు గమనించలేదు.

పన్నెండున్నరకి పిల్లలు వరసల్లో కూర్చున్నారు. ఫారాల సార్ కుర్రాడే, మెడలో కార్డు, చేతిలో ఫైలు. మేడమ్ ఆయన పక్కన. నేను వడ్డించుకుంటూ వెళ్ళాను. రోజూ ఈ సమయంలో ఆ హాల్లో సంత కంటే ఎక్కువ గోల ఉంటుంది. ఆ రోజు వరసలు దాటుతున్నకొద్దీ నా వెనక నిశ్శబ్దం పరుచుకుంటూ వచ్చింది. తిరిగి చూస్తే పిల్లలు అన్నంలో పప్పు కలుపుకుంటున్నారు. కూర మాత్రం పళ్ళెం అంచుకి జరిపేశారు. కొందరు అన్నానికి తగలకుండా వేలితో గీత కూడా గీశారు.

అందరూ కాదు. రెండో వరసలో చర్చికి వెళ్ళే ఇళ్ళ పిల్లలు హాయిగా తింటున్నారు. మూలనున్న నలుగురు ఇంకొంచెం వెయ్యమన్నారు. మిగతా నూట ఇరవై పళ్ళాల్లో కూర అలాగే ఉంది.

"ఎందుకు తినడం లేదు?" అంది మేడమ్. పిల్లలు ఒకరి పళ్ళెంలోకి ఒకరు చూసుకున్నారు. "కూరలో ఏమైనా పడిందా?"

పడిందా అనడమే ఆలస్యం. ఎవరు మొదలుపెట్టారో కానీ ఒక టీచరు "బల్లా?" అని అడిగింది, ఇంకొకరు "బల్లేనట" అని జవాబు చెప్పారు. ఒక నిమిషంలో ఆ బల్లికి తోక కూడా వచ్చింది. మేడమ్ చేతిలోకి ఫోన్ వచ్చింది. ఫారాల సార్ మొహం కూర రంగులోకి మారింది. అంబులెన్స్ అనే మాట వినబడింది.

నేను గరిటెడు కూర చేతిలో వేసుకుని అందరి ముందూ తిన్నాను. "బల్లి లేదు మేడమ్. ఉప్పు కూడా కొంచెం లేదు."

అప్పుడు మెస్ లీడర్ లేచింది. తొమ్మిదో తరగతి పిల్ల, సన్నగా, గట్టిగా ఉంటుంది. "బల్లేటీ నేదు మేడం. మా ఊల్లో సిక్కుడు పండగ ఇంకా అవ్వనేదు. అమ్మోరికి పెట్టకుండా మేం తినం."

ఇంకో పిల్ల అందుకుంది, "మా ఊల్లో అయిపోనాది. ఆదివారం. అందుకే నాను తింతన్నాను."

"మాది వచ్చే బుధవారం" అంది మూడోది.

సంగతి ఇంతే. ఈ కొండల్లో కొత్త పంట ఏది వచ్చినా ముందు అమ్మవారికీ పెద్దలకీ పెడతారు, ఊరంతా కలిసి పండగ చేసుకుంటారు, ఆ తర్వాతే నోట్లో పెట్టుకుంటారు. చిక్కుళ్ళకీ అంతే. ఒక్కో ఊరిది ఒక్కో రోజు. వ్యాన్ మీద కింద నుంచి వచ్చిన కూరలతో ఈ పేచీ లేదు. కానీ ఊదా గీత ఉన్న కొండ చిక్కుళ్ళని చూపుతోనే పోల్చుకుంటారు, అవి వాళ్ళ పెరట్లోవే కదా. సంతలో అమ్మిన ఆవిడ కూడా ఇంకా రుచి చూసి ఉండదు. పళ్ళాలు చూసుకుంటూ వెళ్తే ఏ ఊళ్ళో పండగైందో, ఏ ఊళ్ళో కాలేదో చెప్పెయ్యొచ్చు. పెద్దమ్మ పళ్ళాలే ఎందుకు చూస్తుందో నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది. కాస్త ముందు అర్థమై ఉంటే బాగుండేది.

మేడమ్ నన్ను చూసింది. కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది ఆ చూపులో. "ఎవరినైనా ఒక్క మాట అడగలేకపోయావా?"

దీనికి నా దగ్గర జోక్ లేదు. అడగలేదు సరికదా, ఇద్దరు వాళ్ళంతట వాళ్ళే అడిగితే ఇద్దరికీ సరైన సమాధానం చెప్పలేదు. నాకు ఇంటి దగ్గర మంచం కనబడింది. దుప్పటి కూడా మడత పెట్టే ఉంది.

పెద్దమ్మ అప్పుడే వచ్చింది. భుజం మీద జ్వరం పిల్ల, చేతిలో మందుల కవరు. గుమ్మంలో నిలబడి పళ్ళాలు చూసింది, తర్వాత నన్ను చూసింది. పిల్లని మెస్ లీడర్‌కి అందించి, "ఒలే గుంటా, రా" అంది.

వంటగదిలో తిడుతుందని సిద్ధపడ్డాను. ఆవిడ చింతపండు నానబెట్టింది. "వేరుశెనగ్గుళ్ళు ఏపు. మాడ్సకు." అంతే. వాచ్‌మన్ మావ అడక్కుండానే వచ్చి రోలు దగ్గర కూర్చున్నాడు. "బిర్యానీ బాగా కుదిరిందేటి?" అన్నాడు తల ఎత్తకుండా. ఇరవై నిమిషాల్లో చారు, పల్లీల పొడి పిల్లల ముందున్నాయి. హాల్లో గోల తిరిగొచ్చింది. ఆ గోల అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు.

చెయ్యి తుడుచుకుని పెద్దమ్మ మేడమ్ దగ్గరికి వెళ్ళింది. "తప్పు నాదేనండి. ఏటా ఆకరి ఊరు పండగ అయ్యేదాకా కొండ సిక్కుళ్ళు వొండను. అది నా బుర్రలో ఉంది గానీ ఎవులికీ సెప్పనేదు. కిందనుండొచ్చిన గుంట, దానికేటి తెలుస్తాది?"

మేడమ్ రెండేళ్ళుగా అక్కడ ఉంది. "అందుకేనా డిసెంబరులో కొండ చిక్కుళ్ళు వండవు? నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను."

"నాకు పేణం సిక్కుళ్ళంటే."

పద్నాలుగు ఊళ్ళ పిల్లలు ఆ బడిలో చదువుతారు. పద్దెనిమిదేళ్ళుగా ప్రతి చలికాలం పెద్దమ్మ ఆ పద్నాలుగు ఊళ్ళ పండగ రోజులూ గుర్తు పెట్టుకుని, ఆఖరి ఊరు అయ్యాకే కొండ చిక్కుళ్ళు పొయ్యెక్కించింది. ఏ రూల్లోనూ లేదు, ఎవరూ చెప్పలేదు, ఎవరూ గమనించలేదు. పిల్లలకి మాత్రం ఈ బడిలో ఎప్పుడూ తినలేని పళ్ళెం ముందుకి రాలేదు. నేను వచ్చేదాకా.

మధ్యాహ్నం ఫారాలు. మమ్మల్ని స్టాఫ్ రూములో కుర్చీల మీద కూర్చోమన్నారు. వాచ్‌మన్ మావ కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎప్పుడైనా లేవమంటారని. పెద్దమ్మ మాత్రం వెనక్కి వాలి, "రోజూ తుడిసినా ఇంత మెత్తగుంతాదని తెల్దు" అంది.

ఆవిడకి చదవడం రాదు. ఆవిడ చెబుతుంటే నేను రాయాలి. ప్రశ్న చదివాను: "మీ పనిని ఇక్కడ గుర్తిస్తారా?"

"పిల్లలు గుర్తిత్తారు."

"ఎప్పుడూ, అప్పుడప్పుడు, లేదు. మూడింట్లో ఒకటి చెప్పాలి."

"పిల్లలు ఎప్పుడూ. పెద్దోలు అప్పుడప్పుడు. ఇప్పుడు నువ్వు రెండు గీతలెట్టు."

రెండు గీతలు పెట్టాను. ఫారాల సార్ కూడా చూశాడు. ఆయన రెండోసారి చారు పోయించుకున్నాడు, అభ్యంతరం చెప్పే స్థితిలో లేడు.

"మీ మాట ఎవరైనా వింటారా?"

"ఈ గుంట వింతాది. ఇని నవ్వుతాది. అయినా వింతాది."

చివర ఒకే ఒక్క గీత వదిలి ఉంది. మీ పని చోట మార్చాల్సింది, కావాల్సింది ఏదైనా ఒకటి రాయండి. పొగ గొట్టం అని, ఆవిడ చెప్పకముందే రాయడం మొదలుపెట్టాను.

"ఆగు. ఏటి రాత్తన్నావు?"

"పొగ గొట్టం."

"నానడిగానేటి? కొట్టీ. ఈ గుంటని ఉంచమని రాయి."

పెన్ను ఆగిపోయింది. "పెద్దమ్మా, ఒకటే రాయమన్నారు. పద్దెనిమిదేళ్ళకి ఒకసారి అడిగారు. మళ్ళీ ఎప్పుడడుగుతారో."

"అందికే."

"నా గురించి నేనే రాసుకున్నట్టుంటుంది."

"నువ్వే రాత్తన్నావు కదేటి. నాకు రాతొస్తే నిన్నెందుకు అడుగుతాను?"

సరేనని తల ఊపి, ఆవిడకి చదవడం రాదు కదా అని ధైర్యం చేసి, "వంటగదికి పొగ గొట్టం వేయించగలరు, పొగ వల్ల కళ్ళు పాడవుతున్నాయి" అని రాశాను. పెద్దమ్మ కాగితం మీదికి వంగింది.

"నాను సెప్పింది రెండు ముక్కలు. ఇంత పొడుగేటి?"

కొట్టేశాను. "కమాటీని ఉంచండి" అని రాశాను. చదివి వినిపించమంది, వినిపించాను. ఇంకు డబ్బా మూత తీసి ముందు పెట్టాను. ఆవిడ నల్ల ఇంకులో వేలు ముంచి ముద్ర వేసింది. ఆ తర్వాత నా ఫారం నింపుకున్నాను. నాకు వదిలిన ఒక్క గీత మీద, కొట్టేసిన వాక్యాన్ని మళ్ళీ రాశాను. ఈసారి ఆవిడకి చదివి వినిపించలేదు.

శనివారం మేడమ్ పిలిచింది. టేబుల్ మీద నా కాగితం, పక్కన, పైకి పంపమని సార్ వదిలివెళ్ళిన వాటిలోంచి రెండు ఫారాలు.

"రెండింటిదీ ఒకటే చేతిరాత."

"అవును మేడమ్."

"ఒక దాంట్లో వంటావిడ నిన్ను ఉంచమని అడిగింది. ఇంకోదాంట్లో నువ్వు వంటావిడ కళ్ళ గురించి అడిగావు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పొగ గొట్టం నా చేతిలో లేదు, పైకి రాస్తాను. ఇది ఉంది." సంతకం పెట్టింది. నేను ఏదో అనబోయాను. "ఏమీ అనకు" అంది. మంచి సలహా, పాటించాను.

మిగిలిపోయిన చిక్కుడు కూరలో టీచర్లు కొంత తీసుకెళ్ళారు. మిగతాది నేను రెండు రోజులు తిన్నాను. సంతలో ఆవిడకి చెప్పింది అలా నిజమైంది.

తర్వాతి బుధవారం వాచ్‌మన్ మావ ఊళ్ళో పండగ. పెద్దమ్మ నన్నూ తీసుకెళ్ళింది. అమ్మవారికి పెట్టాక ఆకులో చిక్కుడు కూర, అన్నం పెట్టారు. "ఇప్పుడు తిను" అంది పెద్దమ్మ. అదే కూర, కానీ ఇందులో ఉప్పు సరిపోయింది.

వచ్చి వంటగది గోడ మీద సుద్దతో పద్నాలుగు ఊళ్ళ పేర్లూ రాశాను. పండగ అయిన ఊరి పక్కన పెద్దమ్మ అడ్డగీత పెడుతుంది. ఊరి పేరు చదవలేకపోయినా ఎన్నో వరసో ఆవిడకి తెలుసు. ఆఖరి గీత పడిన రోజు చిక్కుడు కూర వండాం, నూట ఎనభై పళ్ళాల్లో ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

ఇది జరిగి మూడేళ్ళు. పొగ గొట్టం నిరుడు వచ్చింది. పెద్దమ్మ కళ్ళ ఎరుపు తగ్గింది, కొత్త టీచర్లు ఆవిడ శాంతమూర్తి అనుకుంటున్నారు. వాళ్ళ పొరపాటు వాళ్ళది. ఇంటి దగ్గర నా మంచం తీసేశారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ మాట అంత సంతోషంగా విన్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇప్పటికీ అందరితో ఎకసెక్కాలాడతాను. ఒక్క చోట మాత్రం ఆడను. సంతలో ఆ గంపల ఆవిడ నన్ను చూడగానే పక్కావిడని మోచేత్తో పొడుస్తుంది. "ఏటమ్మా, ఎవులికి ఇన్ని?" అంటుంది, నవ్వు ఆపుకుంటూ.

"నూట ఎనభై మంది పిల్లలకి" అంటాను. "ఇప్పుడు పెట్టొచ్చా?"

ఆవిడ వేళ్ళ మీద పండగ అయిన ఊళ్ళు లెక్కపెట్టుకుని, అప్పుడు గంప ఎత్తుతుంది.